మిషన్‌కు ముందే మాట

వెంటిలేటర్ అనగానే ఆశ వదులుకునే కుటుంబాలు ఎన్నో. సీఓపీడీ రోగుల విషయంలో ఆ భయం చాలావరకు తప్పు. ఏ మిషన్, ఎప్పుడు, ఎంతవరకు అన్నది ఆయాసం ముదరకముందే మాట్లాడుకుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి, చాలా బాధ తప్పుతుంది.

చలి ముదిరేకొద్దీ ఛాతీ ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు ఒకే తీరు రోగులు ఎక్కువగా వస్తుంటారు. వయసు అరవై దాటి ఉంటుంది. పడుకోలేరు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ముందుకు వంగి ఉంటారు. మెడ కండరాలు బిగుసుకుపోయి, పెదాలు గుండ్రంగా చుట్టి గాలి వదులుతుంటారు. రెండు మాటలకో ఊపిరి. నాలుగు రోజుల కిందట మొదలైన దగ్గు, పచ్చబడిన కఫం, ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన ఇంజక్షన్, అర్ధరాత్రి పెరిగిన ఆయాసం, తెల్లవారుజామున 108. రక్తపరీక్ష చూసిన డాక్టరు బయటికొచ్చి, “గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు. ఇంట్లోవాళ్లు ఒక మాట అనుకుని చెప్పండి” అంటారు.

ఆ ఒక్క మాట అనుకోవడానికి కుటుంబానికి దొరికేది కొద్ది నిమిషాలు. “వెంటిలేటర్ ఎక్కినవాళ్లు తిరిగి రారట” అంటారొకరు. “బిల్లు పెంచడానికే” అంటారు ఇంకొకరు. ఎంత ఖర్చయినా పెట్టండి అని దూరాన ఉన్న కొడుకు ఫోన్లో అంటాడు. పెద్దాయననే అడుగుదామంటే ఆయన అప్పటికే మగతలో ఉంటారు. ఆయన బతుకు గురించిన నిర్ణయం ఆయన లేకుండానే జరిగిపోతుంది.

ఇలా జరగాల్సిన పని లేదు. సీఓపీడీ ఏళ్ల తరబడి ముదిరే జబ్బు. రోడ్డు ప్రమాదంలా ఒక్క క్షణంలో మీద పడేది కాదు. తర్వాతి దాడి ఏ రోజు వస్తుందో చెప్పలేకపోయినా, వస్తుందని డాక్టరుకు తెలుసు, రోగికీ తెలుసు. కాబట్టి వెంటిలేటర్ మాట ఐసీయూ తలుపు దగ్గర మొదలవ్వడమే అసలు లోపం. ఆ మాట ఓపీ గదిలో, తీరిగ్గా, రోగి నోటితోనే మొదలవ్వాలి.

పీల్చడం కాదు, వదలడమే కష్టం

సీఓపీడీ అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు ఏళ్ల తరబడి వాచి, ఇరుకై, చివరనున్న గాలి గదుల గోడలు చిరిగిపోయే జబ్బు. ఉబ్బసంలో మూసుకున్న గొట్టాలు మందుతో చాలావరకు తెరుచుకుంటాయి. ఇందులో పూర్తిగా తెరుచుకోవు.

ఆయాసపడుతున్న మనిషిని చూస్తే గాలి అందడం లేదనిపిస్తుంది. అసలు చిక్కు గాలి బయటికి పోకపోవడంలో ఉంది. సంక్రాంతి రద్దీలో బస్సు లోపలివాళ్లు దిగకముందే బయటివాళ్లు ఎక్కేస్తే ఏమవుతుందో, ఈ ఊపిరితిత్తుల్లోనూ అదే జరుగుతుంది. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త శ్వాస మొదలవుతుంది. లోపల గాలి పేరుకుంటుంది, ఛాతీ ఉబ్బిపోతుంది. గుమ్మటంలా పైకి వంగి ఉండాల్సిన ఉదరవితానం కిందికి నొక్కుకుపోయి చదునవుతుంది. చదునైన కండరానికి లాగే బలం తగ్గుతుంది. అప్పుడు ప్రతి శ్వాసా కష్టమే. ఇంతలో జలుబో, కఫంలో ఇన్‌ఫెక్షనో తోడైతే కండరాలు అలసిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుంటుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది, మనిషి మగతలోకి జారతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఈ జబ్బు ప్రపంచవ్యాప్తంగా 35 లక్షల మందిని బలిగొంది. మరణ కారణాల్లో దానిది నాలుగో స్థానం. మన దేశంలో 2016 నాటికే సుమారు 5.5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. బీడీ, సిగరెట్, చుట్ట ప్రధాన కారణాలు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క చుట్టా ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. కట్టెలు, పిడకలు పెట్టి గాలాడని వంటింట్లో ముప్పై ఏళ్లు వండితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ వదిలిపోయిన మచ్చలు కూడా గాలి గొట్టాలను ఇరుకు చేస్తాయి.

ఆక్సిజన్ ఎక్కువైనా ప్రమాదమే

కోవిడ్ తర్వాత మన ఇళ్లలోకి ఆక్సీమీటర్ వచ్చింది, కొన్ని ఇళ్లలోకి కాన్సంట్రేటర్ కూడా వచ్చింది. వాటితోపాటు ఒక అపోహ కూడా వచ్చింది, అంకె 98 చూపిస్తేనే క్షేమమని. సీఓపీడీ ముదిరినవారి విషయంలో ఇది ప్రాణాంతకమైన పొరపాటు కావచ్చు. ఆక్సిజన్ మరీ ఎక్కువ ఇస్తే, గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం అనవసరంగా మళ్లుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను మోసుకెళ్లే శక్తి రక్తానికి తగ్గుతుంది. శ్వాస కూడా కొంత మందగిస్తుంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ కార్బన్ డయాక్సైడ్ సంగతి చెప్పదు. అంకె బాగుందని ఇంటివాళ్లు ఊరట చెందుతుంటే మనిషి నిద్ర ముంచుకొచ్చినట్టు మగతలోకి వెళ్లిపోతుంటాడు.

ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సుల్లోనే దీన్ని పరీక్షించారు. 2010లో బీఎంజే పత్రికలో ఫలితాలొచ్చాయి. ఆయాసంతో ఉన్న 405 మందిలో కొందరికి ఎప్పట్లాగే ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చారు, మిగతావారికి 88 నుంచి 92 శాతం మధ్య నిలిచేలా కొలిచి ఇచ్చారు. ధారాళంగా ఇచ్చినవారిలో 9 శాతం మంది చనిపోతే, కొలిచి ఇచ్చినవారిలో 4 శాతం మందే చనిపోయారు. కొత్త మందేమీ వాడలేదు, ఆక్సిజన్ మీట తిప్పే తీరు మార్చారంతే.

అలాగని ఆక్సిజన్ ఇవ్వడానికి భయపడకూడదు. 88 కంటే బాగా తగ్గితే అదీ ప్రాణం తీయవచ్చు. కావలసింది కొలత. ఆ కొలత 108 సిబ్బందికి చెప్పగలిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

పోలియో వార్డు నుంచి మాస్కు దాకా

ఇనుప పీపాలాంటి పెట్టెలో మనిషిని మెడ దాకా ఉంచి, చుట్టూ గాలి ఒత్తిడి తగ్గిస్తూ పెంచుతూ ఊపిరి ఆడించే ‘ఐరన్ లంగ్’ను 1928లో బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా వాడకంలోకి తెచ్చారు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ను పోలియో ముంచెత్తినప్పుడు అలాంటి పెట్టెలు చాలలేదు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ దారి మార్చారు. గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలిని లోపలికి పంపించారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. ఇప్పటి ఐసీయూకూ వెంటిలేటర్‌కూ అక్కడే పునాది పడింది.

కానీ సీఓపీడీ రోగికి గొట్టం కొత్త ఇబ్బందులు తెచ్చింది. గొట్టం ఉన్నంతసేపు సరిగా దగ్గలేరు, మాట్లాడలేరు, మింగలేరు. మత్తు ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ నిమోనియా పొంచి ఉంటుంది. అసలే బలహీనమైన కండరాలు పని లేక ఇంకా బలహీనపడతాయి. గొట్టం లేకుండా అదే సాయం చేయలేమా అన్న ప్రశ్నకు 1980ల చివర్లో జవాబు దొరకసాగింది. ముఖానికి బిగుతుగా అమరే మాస్కు పెట్టి, దాని గుండా ఒత్తిడితో గాలి పంపడమే ఆ మార్గం. మన ఆసుపత్రుల్లో అందరూ ‘బైపాప్’ అనేది దీన్నే.

ఫ్రాన్స్ వైద్యుడు లారాన్ బ్రోషార్ బృందం 1995లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి రుజువు. ఐరోపాలోని ఐదు ఆసుపత్రుల్లో 85 మంది సీఓపీడీ రోగులను చూశారు. మామూలు చికిత్స పొందినవారిలో 74 శాతం మందికి గొట్టం వేయాల్సి వచ్చింది. మాస్కు పెట్టినవారిలో 26 శాతానికే ఆ అవసరం పడింది. మరణాలు 29 శాతం నుంచి 9 శాతానికి దిగాయి. 2000లో బ్రిటన్‌లోని 14 ఆసుపత్రులు ఐసీయూలో కాకుండా మామూలు శ్వాసకోశ వార్డుల్లోనే మాస్కు పెట్టి చూశాయి. అక్కడా మరణాలు 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గాయి. శిక్షణ ఉన్న నర్సులుంటే జిల్లా ఆసుపత్రి వార్డులో కూడా ఈ పని జరుగుతుందన్నది ఆ అధ్యయనం నేర్పిన పాఠం.

మొదటి రెండు గంటలు

బైపాప్ మిషన్ రెండు ఒత్తిళ్ల మధ్య పనిచేస్తుంది. రోగి పీల్చబోతున్నట్టు పసిగట్టి ఎక్కువ ఒత్తిడితో గాలి నెడుతుంది. దాంతో అలసిన కండరం మీద భారం తగ్గుతుంది. వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. ఆ కాస్త ఒత్తిడి ఇరుకైన గొట్టాలు మూసుకుపోకుండా చూస్తుంది, తర్వాతి శ్వాస మొదలుపెట్టే శ్రమనూ తగ్గిస్తుంది.

ఎవరికి పెట్టాలన్నది ముఖం చూసి తేల్చేది కాదు. మణికట్టు ధమని నుంచి తీసిన రక్తంతో ఏబీజీ పరీక్ష చేస్తారు. మందులు, కొలిచిన ఆక్సిజన్ ఇచ్చాక కూడా, రక్తం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ 7.35 కంటే తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ 45 కంటే ఎక్కువగా ఉంటే మాస్కు వేళ అయినట్టే. పెట్టిన గంట రెండు గంటల్లో మళ్లీ ఏబీజీ చేస్తారు. పీహెచ్ పెరిగి, శ్వాస వేగం తగ్గితే దారిలో పడినట్టే. లేకుంటే మాస్కు అమరిక, ఒత్తిళ్లు సరిచూసి, అప్పటికీ దారికి రాకపోతే గొట్టం గురించి జాగు చేయకుండా నిర్ణయించాలి. ఫలించని మాస్కును పట్టుకుని గంటలు గడపడం రోగికి చేటు.

ఆ మొదటి గంట రోగికి నరకంగా ఉంటుంది. ఊపిరి చాలక అల్లాడుతున్నవాడి ముఖం మీద మాస్కు బిగిస్తే, ఉన్న కాస్త గాలీ పోతుందని భయం వేస్తుంది, లాగి పారేస్తారు. మంచి నర్సు మొదట పట్టీలు కట్టదు. మాస్కును చేత్తో పట్టుకుని, తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, రోగి లయ కుదిరాక పట్టీలు బిగిస్తుంది. ఇంటివాళ్లకు ఇక్కడ పెద్ద పని ఉంది. చెయ్యి పట్టుకుని, “మిషన్ గాలి ఇస్తోంది నాన్నా, దానితో పోట్లాడకు, నెమ్మదిగా వదులు” అని పక్కన కూర్చుని చెప్పే గొంతు చాలాసార్లు మత్తుమందు కంటే బాగా పనిచేస్తుంది. కట్టుడు పళ్లుంటే, రోగి పూర్తి తెలివిలో ఉన్నంతవరకు, వాటిని ఉంచితేనే మాస్కు బాగా అమరుతుంది. గడ్డం మీసాలు దట్టంగా ఉంటే గాలి లీకవుతుంది. ముక్కు మీద పుండు పడకుండా చూడాలి. తినడానికి, కఫం తీయడానికి మధ్యలో కాసేపు తీయవచ్చు. డాక్టరును అడక్కుండా “కాసేపు హాయిగా ఉంటారు” అని తీసేయకూడదు.

గొట్టం తప్పనప్పుడు

తెలివి పూర్తిగా తప్పినా, వాంతులు ఆగకపోయినా, కఫం ఉక్కిరిబిక్కిరి చేస్తున్నా, రక్తపోటు పడిపోయినా, మాస్కు ఫలించకపోయినా గొట్టం వేయక తప్పదు. సీఓపీడీ రోగి విషయంలో వెంటిలేటర్ నడపడానికి నేర్పు కావాలి. తొందరపడి శ్వాసలు ఎక్కువ చేస్తే గాలి బయటికి పోయే వ్యవధి దొరక్క లోపల పేరుకుంటుంది. ఆ ఒత్తిడి గుండెకు వచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది, రక్తపోటు అమాంతం పడిపోతుంది. అలాంటప్పుడు అనుభవమున్న డాక్టరు కొద్ది క్షణాలు గొట్టాన్ని మిషన్ నుంచి విడదీసి చిక్కిన గాలిని పోనిస్తారు. అందుకే శ్వాసలు నిమిషానికి పది పన్నెండుకు అటూఇటూ ఉంచి, వదిలే సమయాన్ని పీల్చే సమయానికి మూడు నాలుగు రెట్లు పొడిగిస్తారు. కార్బన్ డయాక్సైడ్‌ను మామూలు స్థాయికి దింపాలని ఆరాటపడరు. ఏళ్లుగా ఎక్కువ స్థాయికి అలవాటుపడిన ఒంట్లో పీహెచ్ సర్దుకుంటే చాలు.

ఆ లోపు మందులు తమ పని చేస్తాయి. నెబ్యులైజర్, స్టెరాయిడ్, అవసరమైతే యాంటీబయాటిక్ కలిసి గాలి గొట్టాల ఇరుకును, వాపును, ఇన్‌ఫెక్షన్‌ను తగ్గిస్తాయి. వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. మందులు పనిచేసేదాకా కండరానికి విశ్రాంతినిస్తుంది. కాబట్టి వీలైనంత త్వరగా గొట్టం తీసేయాలి. ఇక్కడా మాస్కు అక్కరకొస్తుంది. ఇటలీలో స్టెఫానో నావా బృందం 1998లో 50 మంది సీఓపీడీ రోగుల మీద చేసిన అధ్యయనంలో, గొట్టం పెట్టి 48 గంటలు గడిచినా సొంతంగా ఊపిరి తీసుకోలేనివారిలో కొందరికి గొట్టం తీసి వెంటనే మాస్కు పెట్టారు, మిగతావారికి గొట్టంతోనే నెమ్మదిగా మిషన్ మాన్పించారు. 60 రోజుల తర్వాత మాస్కు పెట్టినవారిలో 92 శాతం, మిగతావారిలో 72 శాతం బతికున్నారు.

మరి “ఎక్కితే తిరిగి రారు” అన్న మాట సంగతేమిటి? ఈ నిరాశ డాక్టర్లలోనూ ఉంది. 2007లో బీఎంజేలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఐసీయూలో చేరిన 832 మంది గురించి వైద్యులను ముందే అంచనా అడిగారు. ఆరు నెలల తర్వాత 49 శాతమే బతికుంటారని వైద్యులు అన్నారు. నిజానికి 62 శాతం బతికారు. వైద్యులు 10 శాతం అవకాశమే ఇచ్చినవారిలో కూడా 40 శాతం బతికారు. బయటపడ్డవారిని తర్వాత అడిగితే, మళ్లీ అవసరమైతే ఇదే చికిత్స కావాలని 96 శాతం చెప్పారు. ఆ లెక్క బ్రిటన్‌ది. మన ఐసీయూల పరిస్థితులు, డబ్బు చిక్కులు వేరు. అయినా వయసు చూసి, ఎక్స్‌రే చూసి ఆశ వదులుకోవడం తప్పని అది గట్టిగా చెబుతోంది.

ఇంటికొచ్చాక

ఒకసారి మాస్కు దాకా వెళ్లొచ్చినవారు మళ్లీ ఆసుపత్రి పాలయ్యే అవకాశం ఎక్కువ. డిశ్చార్జి అయిన రెండు నుంచి నాలుగు వారాలకు ఏబీజీ మళ్లీ చేయించాలి. మన దగ్గర చాలామంది వదిలేసే పరీక్ష ఇది. అప్పటికీ కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కువగా ఉంటే, రాత్రిపూట ఇంట్లో బైపాప్ వాడటం మేలు చేస్తుందని రుజువైంది. బ్రిటన్‌లో 116 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో ఆక్సిజన్ మాత్రమే వాడినవారిలో ఏడాదిలోగా తిరిగి ఆసుపత్రిలో చేరడమో చనిపోవడమో 80 శాతం మందికి జరిగితే, దానికి రాత్రి మిషన్ కూడా జోడించినవారిలో అది 63 శాతానికి తగ్గింది.

ఇది అందరికీ అవసరమయ్యే మిషన్ కాదు. కొనే ముందు ఏబీజీ కాగితం చేతిలో ఉండాలి, ఒత్తిళ్లు డాక్టరే నిర్ణయించాలి. కరెంటు పోతే ఏం చేయాలో, మాస్కు, ట్యూబు ఎలా కడగాలో ఇంటికొచ్చేముందే నేర్చుకోవాలి. మిషన్ కంటే ముందు వరుసలో ఉండాల్సినవీ ఉన్నాయి. పొగ మానడం, ఇన్‌హేలర్ సరిగా పీల్చడం నేర్చుకోవడం, ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు, నడక వ్యాయామం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం గ్యాస్ పొయ్యిని పేదింటికి తెచ్చాయి. సిలిండర్ అయిపోగానే మళ్లీ కట్టెల వైపు మళ్లకుండా చూసుకోవడమూ ఊపిరితిత్తుల వైద్యమే.

వద్దనే హక్కు

కొందరికి జబ్బు ఎంత ముదిరి ఉంటుందంటే, గొట్టం వేసినా తిరిగి లేచి కూర్చునే అవకాశం తక్కువ. మంచం దిగలేని స్థితిలో ఏళ్లుగా ఉన్న ఒక పెద్దావిడ, “నాకు గొట్టాలు వద్దు, మాస్కు వరకు చాలు” అంటే ఆ మాటకు విలువ ఉంది. చట్టమూ ఒప్పుకుంటుంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ముందస్తు వైద్య ఆదేశాన్ని, అంటే లివింగ్ విల్‌ను, గుర్తించింది. 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే సరిపోతుంది.

గొట్టం వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదు. మాస్కు ఉంటుంది, మందులుంటాయి, తక్కువ మోతాదు మార్ఫిన్‌తో ఆయాసపు బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యం ఉంటుంది. మధ్యే మార్గమూ ఉంది. ఇన్ని రోజులు ప్రయత్నిద్దాం, మెరుగు కనిపించకపోతే ఆపేద్దాం అని ముందే డాక్టరుతో ఒప్పందానికి రావచ్చు. అప్పుడు వెంటిలేటర్ పెట్టించినందుకో, తీయించినందుకో పిల్లలు జీవితాంతం తమను తాము నిందించుకోవాల్సిన అవసరం రాదు.

ఓపీలో అడగాల్సిన ప్రశ్నలు

• నా జబ్బు ఏ దశలో ఉంది? ఏబీజీ ఎప్పుడు చేయించాలి?
• నా ఆక్సిజన్ అంకె ఎంత ఉండాలి? ఎంతకు తగ్గితే, ఏ లక్షణాలుంటే ఆసుపత్రికి రావాలి?
• మాకు దగ్గర్లో బైపాప్, ఏబీజీ రెండూ ఉన్న ఆసుపత్రి ఏది?
• నాలాంటివారికి గొట్టం పెడితే తిరిగి నడిచే అవకాశం ఎంత?
• ఇంట్లో బైపాప్ నాకు అవసరమా?
• ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్యసేవలో ఏ చికిత్సకు ఎంత వర్తిస్తుంది? (ఈ ప్రశ్న ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.)

జవాబులు విన్నాక ఒక చిన్న పని చేయండి. ఓపీ చీటీ వెనుక మూడు వాక్యాలు డాక్టరు చేత రాయించండి. ఒకటి, ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్య ఉంచాలని. రెండు, ఇంతకుముందు బైపాప్ పెట్టి ఉంటే ఏ ఒత్తిళ్ల మీద కోలుకున్నారో. మూడు, గొట్టం విషయంలో రోగి స్వయంగా చెప్పిన మాట. ఆ చీటీని ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో అందరికీ పంపండి. తెల్లవారుజామున 108 వచ్చినప్పుడు బంధువుల వాదనల కంటే, ఇంటర్నెట్లో చదివిన భయాల కంటే ఆ మూడు వాక్యాలే ఎక్కువ పనిచేస్తాయి. చలి ఇంకా ముదరకముందే మీ ఇంటి పెద్దవాళ్లతో కూర్చుని ఆ మాట మొదలుపెట్టండి. వాళ్లు తెలివిలో ఉండగా అడిగితే జవాబు వాళ్లే చెబుతారు.